నేను వేయించిన లంగరు

మొన్న ఆదివారం చర్చి నుంచి వచ్చి కూర్చున్నానో లేదో మా మనవరాలు ఫోన్ చేసి, మేము వయసులో ఉన్నప్పుడు వెళ్ళిన దీవి పార్కుకే తామూ పడవ మీద వెళ్తున్నామని చెప్పింది. "నానమ్మా, లో టైడ్ మూడూ నలభైకి. యాప్‌లో చెక్ చేశాను, డోంట్ వర్రీ" అంది. లో టైడ్ అంటే సముద్రం నీళ్ళు బాగా వెనక్కి తీసే వేళ. నాకు నవ్వొచ్చింది. అయిదో తరగతితో చదువు ఆపినదాన్ని, ఇలా కాగితం మీద పెట్టడం ఇదే మొదలు, తప్పులుంటే నా ఈడువాళ్ళు సర్దుకోండి.

డెబ్బైల చివర్లో మేము సియాటిల్ వచ్చాం. మా ఆయన వెల్డింగ్ పనివారు. ఆయన అన్నగారు, అంటే మా బావగారు, ఇక్కడ ఇంజినీరు. తోటికోడలు ఎమ్మే చదివింది, నేను అక్కా అనేదాన్ని. ఇంట్లో ఏ సంగతైనా వాళ్ళిద్దరే ఇంగ్లీషులో తేల్చేసేవారు, నేను గిన్నెలు సర్దుకుంటూ వినేదాన్ని.

ఒక వేసవిలో బావగారు తన ఆఫీసు స్నేహితుణ్ణి అడిగి తెరచాప పడవ తెచ్చారు, అందరం ఆ దీవికి వెళ్ళాం. ఆ పార్కుకి రోడ్డు లేదు, కొట్టు లేదు, కరెంటు లేదు, పడవలో తప్ప పోలేం. మూడు వైపులా కొండ అడ్డం ఉండడంతో బయట గాలి ఎంత కొట్టినా లోపల నీళ్ళు పళ్ళెంలో పోసినట్టుండేవి. పడవలు కట్టుకోవడానికి పార్కువాళ్ళు వేసిన తేలే బుంగలన్నీ అప్పటికే నిండిపోయాయి. లంగరు ఎక్కడ వేయాలో తెలియక బావగారు నా వైపు తిరిగారు.

"అమ్మాయ్, మీ నాన్న చేపల వేటకెళ్ళేవాడు కదా, నువ్వు చెప్పు."

ఆ ఇంట్లో నన్నొక సంగతి అడగడం అదే మొదలు. తాడుకి బరువు కట్టి వదిలి చూశాను. పడవ అడుగు కింద ఇంకా నడుం లోతు నీళ్ళున్నాయి. మా కాకినాడ వైపు సముద్రం ఎంత తీసినా అంతకు మించి తీయదు. ఇక్కడే వేయించండి బావగారూ అన్నాను, ఎంత ధీమాగా అన్నానో.

పులిహోర తింటుండగా గిన్నె దానంతటదే జరిగింది. కాసేపటికి పడవ ఒక పక్కకి ఒరగడం మొదలైంది. చూస్తుండగానే నీళ్ళు వెనక్కి వెళ్ళిపోయాయి. ఇక్కడి సముద్రం రెండు నిలువులు దిగుతుందని నాకేం తెలుసు?

"పరాయివాళ్ళ పడవాయె! అడిగి అడిగి మంచిదాన్నే అడిగారు" అంది అక్క, వెంటనే కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలెట్టింది. పక్క పడవలోని ముసలి అమెరికా ఆవిడ చిన్న పడవ వేసుకుని వచ్చి, నీళ్ళు మళ్ళీ ఎక్కేటప్పుడు పడవ రాళ్ళకి కొట్టుకుంటే చిల్లు పడుతుంది, ఒరిగిన పక్క మెత్తగా ఏమైనా పెట్టండని చెప్పింది. దిండ్లు పెట్టాం, చాల్లేదు. మా అమ్మ పాత చీరలతో కుట్టిచ్చిన బొంత కూడా పెట్టేశాను.

ఇక చేసేదేమీ లేదు. భయంగా ఉన్నా, నీళ్ళు తీసేసిన ఆ నేల మీద నడిచి చూడకుండా ఉండలేకపోయాను. వంగపండు రంగు నక్షత్ర చేపలు రాళ్ళని కరుచుకుని ఉన్నాయి. అడుగేస్తే ఇసుకలోంచి గుల్లలు నా మోకాళ్ళ దాకా నీళ్ళు చిమ్మాయి. మా నాన్న జీవితమంతా సముద్రం మీదే తిరిగాడు, దాని అడుగున ఇలా చెప్పుల్లేకుండా నడవలేదు కదా అనుకున్నాను.

పొద్దు వాలే వేళకి నీళ్ళు వచ్చాయి. పడవ కాస్త మూలిగి, నిటారుగా లేచింది. చిల్లు లేదు. బావగారు పడవ లోపల అడుగంతా చేత్తో తడిమి చూసి, నా వైపు తిరగకుండానే లంగరు పైకి లాగారు. ఇక నన్నెవరూ ఏదీ అడగరనుకున్నాను.

మరుసటి ఏడాది అదే చోటుకి వెళ్ళాం. బావగారి చేతిలో ఆటుపోట్ల పుస్తకం ఉంది. ముందు అందులో చూడండి బావగారూ అన్నాను బెరుగ్గా.

"చూశాలే. నువ్వూ చెప్పు" అన్నారు.

బావగారు పోయి చాలా ఏళ్ళయింది. ఇప్పటి పిల్లలకి నీళ్ళు ఎప్పుడు తీస్తాయో నిమిషాలతో సహా తెలుసు, వాళ్ళ పడవ ఒరగదు, అదే మంచిది. కానీ అన్నీ తెలిసి కూడా, పక్కనున్న మనిషి వైపు తిరిగి నువ్వూ చెప్పు అనేవాళ్ళు మాత్రం నాకు మళ్ళీ కనపడలేదు.