ఖాళీగా కనిపించిన ఒకటో ఛానెల్

డాబా మీద మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. పడమట మబ్బు పడుతోంది. అలాంటప్పుడు నన్ను కింద గదిలో ఫోను పట్టుకుని కూర్చోమంటే ముళ్ల మీద కూర్చున్నట్టే ఉంటుంది. ఆ రోజు మనవరాలు నన్ను అలాగే కూర్చోబెట్టింది.

దానిది కంప్యూటరు ఉద్యోగం. ఇంకా పర్మినెంటు కాలేదు. పొదిలి దగ్గర మా ఊళ్లోనే, ముందు గదిలో బల్ల వేసుకుని చేస్తుంది. వాళ్ల కంపెనీ ఒక యాప్ తయారు చేసింది. ఇళ్లలో వైఫై పెట్టెలు ఉంటాయి కదా, అవి ఒక్కొక్కటి ఒక్కో నంబరు ఛానెల్ మీద నడుస్తాయట. చుట్టుపక్కల పెట్టెలన్నీ ఒకే నంబరు మీద పడితే ఒకదానికొకటి అడ్డం వచ్చి నెట్ నత్తనడక నడుస్తుందట. ఏ నంబరు మీద ఎంత రద్దీ ఉందో ఈ యాప్ నిలువు గీతలు గీసి చూపిస్తుంది. రద్దీ లేని నంబరుకు మన పెట్టెను మార్చుకోవాలి. ఇదంతా ఊళ్లల్లో జనానికి అర్థమయ్యేలా తెలుగులో రాయడం మనవరాలి పని. రాసి పంపితే రెండుసార్లు తిప్పి పంపారు. సాయంత్రం పై ఆఫీసరమ్మకు వీడియోలో చూపించాలి. ఈసారీ కాదంటే ఉద్యోగం పోతుందని దాని భయం.

"నేను రాసింది చదువుతూ నువ్వే చెయ్యి నానమ్మా. నీకు అర్థమైతే అందరికీ అర్థమైనట్టే."

"అంటే నేను మొద్దునా?"

"అబ్బా! మూడో తరగతే కదా చదివావని."

"నాలుగు. సగంలో మానిపించారు."

కూడబలుక్కుంటూ చదివాను. 'సంకేత తీవ్రతను పరిశీలించుము' అని ఉంది.

"ఏమే, ఇది పంచాంగమా? గీత ఎంత పొడుగుందో చూడు అని రాస్తే నీ సొమ్మేం పోయింది?"

మూతి ముడుచుకునే మార్చింది. నేను మధ్యలో రెండుసార్లు లేచి మబ్బు చూసి వచ్చాను. చివరికి అది రాసినట్టే చేస్తే ఒకటో నంబరు గీత చిటికెన వేలంత కూడా లేదు. మా పెట్టెను దానికి మార్చింది. నెట్ పరుగెత్తింది. ఆ గీతల బొమ్మను తన రాతలో పెట్టుకుని, "అయిపోయింది నానమ్మా" అని చప్పట్లు కొట్టింది.

పొద్దు వాలాక కోతకు వెళ్లినవాళ్లు ఆటోల్లో దిగారు. వీధంతా గోల. లోపల ఆఫీసరమ్మతో మాటలు మొదలయ్యాయి. కాసేపటికి మనవరాలి గొంతు మారింది.

"మేడమ్, వినపడుతోందా? మేడమ్?"

వెళ్లి చూస్తే తెర మీద ఆవిడ మొహం నోరు తెరిచినట్టే ఆగిపోయి ఉంది. మనవరాలు గబగబా యాప్ తెరిచింది. ఒకటో నంబరు గీత పైదాకా లేచి ఉంది.

"మధ్యాహ్నం ఇక్కడ ఎవ్వరూ లేరే!"

"ఎవరుంటారే? ఊరు ఊరంతా మిరప కోతకు పోయింది. పోతూ వైఫై మీట ఆపేసి పోతారు. మనిషి లేని ఇంట్లో పెట్టె ఎందుకు వెలగాలి? ఒక్కొక్కళ్లకీ చెప్పి చెప్పి ఆ అలవాటు చేసింది నేనే."

"ఆ ముక్క అప్పుడే చెప్పొద్దూ!"

"ఆపేసిన పెట్టె దీంట్లో కనపడదని నాకేం కలొచ్చిందా? నువ్వు రాయందే!"

దాని కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"ఏడుపు తర్వాత. ముందు రాయి," అన్నాను.

రాసింది. 'ఆపేసిన పెట్టెలు ఇందులో కనపడవు. అందరూ ఇళ్లకు చేరి నెట్ వాడుకునే వేళ చూడండి. కోతల రోజుల్లో పగలు చూసి మార్చుకోవద్దు.' మళ్లీ చూస్తే పదకొండో నంబరు మీద రద్దీ తక్కువగా ఉంది. దానికి మార్చి, ఆఫీసరమ్మకు మళ్లీ కలిపింది.

నాకు కాలు నిలవలేదు. డాబా ఎక్కి కాయలు పోగుచేసి పట్టా కప్పాను. దిగి వచ్చి వసారాలో ఆ చివరి నుంచి ఈ చివరికి తిరిగాను. తెరలో నేను కనపడకూడదని తలుపు పక్కన నిలబడి చెవి పెట్టాను.

"ఇందాక ఎందుకు ఆగిపోయింది?" ఆవిడ గొంతు కటువుగా ఉంది.

కరెంటు పోయిందని చెబుతుందేమో అనుకున్నాను. చెప్పలేదు. మధ్యాహ్నం బొమ్మ, సాయంత్రం బొమ్మ రెండూ చూపించి, తను ఎక్కడ పొరపాటు పడిందో చెప్పింది.

"ఆ రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టి పంపించండి. ఇది తీసుకుంటున్నాం. రేపు మీరు తర్వాత రాయాల్సినదాని గురించి మాట్లాడదాం," అంది ఆవిడ.

రేపు అన్న మాట ఒక్కటే నా చెవిన పడింది. రేపు పని ఉందంటే ఉద్యోగం ఉన్నట్టే కదా.

"విన్నావా నానమ్మా?" అని లోపల్నుంచి కేక.

"విన్నాన్లే. పొద్దున్నించీ మెతుకు ముట్టలేదు. లేచి రా."