మా జనరేటర్ బండి వేసిన విలన్ వేషం

మా ముత్తాతగారు గోదావరి లంకల్లో ఒక చిన్న సంస్థానానికి దివాను. ఆయన పల్లకీ దిగి కూర్చుంటేగానీ కచేరీలో మరొకరు కూర్చునేవారు కాదట. మా తాతగారి కొబ్బరితోట అంచున చమురు కోసం బోరు దింపినప్పుడు ఇంజినీర్లు పూజ ఆయన చేతే చేయించారు. మా నాన్నగారు సినిమావాళ్ల వెంట మద్రాసు నుంచి హైదరాబాదు వచ్చి, ఫిల్మ్‌నగర్‌లో మూడు జనరేటర్ బండ్లు నడిపారు. ముహూర్తం రోజున మొదటి షాటుకి లైట్లు మా బండి కరెంటుతోనే వెలగాలని పట్టుబట్టే నిర్మాతలు ఉండేవారు. మా బండి వెలిగించిన సినిమా ఆడుతుందని వాళ్ల నమ్మకం. ఆడనివీ ఉన్నాయి. వాటి ఊసు మా ఇంట్లో ఎవరూ ఎత్తేవారు కాదు.

నా చేతికి వచ్చేసరికి ఒక్క బండే మిగిలింది. సంస్థానం లేదు, తోట లేదు, మిగతా రెండు బండ్లూ లేవు. అయినా ఎవరిదైనా సినిమా మొదలవుతోందంటే నాకు కబురు వచ్చేది. నేను కండువా వేసుకుని వెళ్లేవాణ్ణి. మొదటి షాటు వెలుగు మాది అన్న ఆ ఒక్క మాటే మాకు మిగిలిన హోదా.

దానికి పోటీ ఇంట్లోంచే వచ్చింది. మా అమ్మాయిని ఇచ్చిన వియ్యంకుడుగారిది షేక్‌పేట, తాతల నాటి నుంచీ అక్కడివాళ్లే. ఇళ్ల మీద సోలార్ ప్యానెళ్లు బిగించడం ఆయన వ్యాపారం. ఈమధ్య ఒక వ్యాను నిండా బ్యాటరీలు పేర్చి, వాటిని తన డాబా మీద ఎండతో నింపి, షూటింగులకు కిరాయికి తిప్పడం మొదలుపెట్టారు. పిల్లనిచ్చినవాణ్ణి కనుక ఆయన ముందు నేను ఒక మాట తగ్గి ఉండాలి. మా వంశంలో ఎవరికీ ఆ అలవాటు లేదు. అందుచేత ఆయన మా ఇంటికి వచ్చిన ప్రతి ఆదివారం వాదన తప్పేది కాదు.

“ఏంది బావగారు, నిన్న మీ బండి గుట్ట ఎక్కుతుంటే షేక్‌పేటల మా ఇంటి దాక వినొచ్చింది. దానికి జర దగ్గుమందు తాపుండ్రి.”

“అది దగ్గు కాదండీ, గొంతు. మీ వ్యానుకి అదీ లేదు.”

“పొగ గూడ లేదు.”

“మీ ప్యానెళ్లు సముద్రం దాటి వచ్చినవి. నా డీజిలు మన నేలలోది. మా తాతగారి తోట కిందది.”

“డబ్బా మీద మీ తాతగారి పేరు రాసున్నదా? బంకుల పోసేది ఏ దేశం చమురో పోసేటోనికే తెల్వదు. అది గూడ ఓడెక్కే వస్తున్నది బావగారు.”

“అందుకేనండీ ఇంకా తవ్వాలనేది. కాళ్ల కింద ఉన్నది వదిలేసి పరాయివాళ్ల ముందు చెయ్యి చాపడం ఏం మర్యాద?”

“నెత్తి మీద ఉన్నది వదిలేసి కింద తవ్వుడు ఏం మర్యాద? సూర్యుడు ఎవ్వరినీ చెయ్యి చాపమనడు.”

“వానాకాలంలో అంటాడు.”

ఒకసారి మేము సరిగ్గా ఇక్కడికి వచ్చేసరికి కరెంటు పోయింది. మా ఆవిడ వంటింట్లోంచి తొంగి చూసి, “మీ ఇద్దరిలో ఎవరో ఒకరు ఈ చట్నీకి కరెంటు ఇస్తారా?” అంది. ఇద్దరం వక్కపొడి డబ్బా కోసం వెతుక్కున్నాం.

అలా ఉండగా ఒక కొత్త సినిమా మొదలైంది. కోనసీమ కుర్రాడు తన ఊళ్లో చమురు తవ్వకాలు ఆపించడం కథ. ఫిల్మ్‌నగర్ గుట్ట మీద ఒక ఇంటిని కోనసీమ పెంకుటిల్లులా తయారుచేశారు. ప్రొడక్షన్ మేనేజరు నాకు ఫోను చేసి నసిగాడు.

“సార్, మా కథలో విలనే డ్రిల్లింగ్. ముహూర్తానికి డీజిల్ బండి పెడితే ఎవడో ఒకడు ఫోటో తీసి నవ్వుతాడు సార్. మొదటి షాటు బ్యాటరీ వ్యానుతో తీస్తున్నాం. కానీ మీరు రావాలి, మీ బండీ రావాలి. వెనక గోడ పక్కన పెట్టించండి సార్, పని ఉంది.”

వెనక గోడ పక్కన అన్న మాట నాకు నచ్చలేదు. అయినా వెళ్లాను. బ్యాటరీలు మధ్యలో మొరాయిస్తాయేమోనని నన్ను సిద్ధంగా ఉంచుకుంటున్నారనుకున్నాను. అలా జరిగితే బాగుండునని కూడా అనుకున్నాను. బండికి కుంకుమ పెట్టించి, టైర్ల కింద నిమ్మకాయలు వేయించి, గుట్ట ఎక్కించాను.

గేటు దగ్గర బంతిపూల దండతో వియ్యంకుడుగారి వ్యాను నిలబడి ఉంది. ఆయన ఎదురొచ్చి, “రాండ్రి బావగారు, ముంగటి కుర్చీ మీదే” అని కూర్చోబెట్టారు. హారతి ఇచ్చారు, క్లాప్ కొట్టారు, లైట్లు వెలిగాయి. చప్పుడే లేదు. నాన్నగారి రోజుల్లో ముందు ఇంజిను గర్జించేది, అందరూ తల తిప్పి చూసేవారు, ఆ తర్వాతే వెలుగు. ఈ వెలుగుకి ఎవరూ తల తిప్పలేదు.

కాసేపటికి డైరెక్టరు నా దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు. “సార్, మీ జనరేటరు స్టార్ట్ చేయించండి!”

నేను వియ్యంకుడుగారి వైపు ఒక చూపు చూసి, తీరిగ్గా లేచి, ఆపరేటరుకి చెయ్యి ఊపాను. బండి గర్జించింది. చెవులకి హెడ్‌ఫోన్లతో సౌండ్ రికార్డు చేసే అతను వచ్చాడు. వీళ్లెప్పుడూ చప్పుడు తగ్గించమంటారు. ఇతను, “ఇంకా పెంచండి సార్, పొగ కూడా రానివ్వండి!” అని మైకు తెచ్చి మా ఇంజిను ముందు పెట్టాడు.

సంగతేమిటంటే, హీరో పెరట్లో నిలబడతాడు. గోడ అవతల రిగ్గు తవ్వుతున్న చప్పుడు, పొగ రావాలి. “స్టూడియోలో ఎన్ని శబ్దాలు విన్నా మిక్సీలా ఉన్నాయి సార్” అన్నాడు డైరెక్టరు. “మీ బండి శబ్దంలో ఒక దుర్మార్గం ఉంది.”

“మా నాన్నగారి బండండీ అది.”

“అయ్యో, మెచ్చుకుంటున్నాను సార్!”

వియ్యంకుడుగారు నా చెయ్యి పట్టుకుని ఊపేశారు. “ముబారక్ బావగారు! మీ బండి ఆర్టిస్టయ్యింది. మాది ఇంకా లైట్ బాయే.” యూనిటంతా నవ్వింది. నేనూ నవ్వాను, మీసం కదిలేంత వరకు.

షాటు మొదలైంది. నేను గోడ అవతల బండి పక్కన నిలబడ్డాను. ఇవతల హీరో మా బండి శబ్దం వైపు వేలు చూపించి అరుస్తున్నాడు: “ఈ నేల తవ్వుకోమని సంతకం పెట్టినవాడు మనిషే కాదు!”

బండి ఆపమన్నాను. ఆపరేటరు ఆపేశాడు. అందరూ గోడ దగ్గరికి వచ్చారు.

“ఏమైంది సార్?”

“సంతకం పెట్టింది మా తాతగారు” అన్నాను.

ఎగతాళికి ఇంతకన్నా మంచి అదను వియ్యంకుడుగారికి దొరకదు. ఆయన మాత్రం డైరెక్టరు భుజం మీద చెయ్యేసి, “బాబూ, గా మాట జర మార్చు. వాళ్ల తాత మనిషే. ఈయన వారం వారం నాతోని కొట్లాడేది ఆయన తరఫునే” అన్నారు.

డైరెక్టరు నన్నే అడిగాడు, తాతగారు ఎందుకు ఒప్పుకున్నారని. ఊరికి కరెంటు వస్తుందని తవ్వేవాళ్లు చెప్పారట. చాలా ఏళ్లపాటు వచ్చింది బావి దగ్గర మిగులు గ్యాసు కాల్చే మంట వెలుగే. ఆ వెలుగులో రాత్రిపూట కూడా రాలిన కాయలు ఏరుకోవచ్చని తాతగారు దాన్నీ గొప్పగానే చెప్పుకునేవారు. ఇదంతా చెప్పాను. చెబుతుంటే, నేను ఎవరి పక్షాన మాట్లాడుతున్నానో నాకే సరిగ్గా తెలియలేదు.

డైలాగు మార్చారు. “సంతకం పెట్టించుకున్నప్పుడు మా పెద్దలకి ఏం చెప్పారు మీరు?” అని కొత్త మాట. అది బాగుందని నేనే అన్నాను. బండి మళ్లీ గర్జించింది, షాటు ఓకే అయింది.

ఆ తర్వాత కూడా బండికి పిలుపులు వచ్చాయి. ఒకరు ఫ్యాక్టరీ చప్పుడు కావాలన్నారు, ఒకరు ఓడ చప్పుడు కావాలన్నారు. వెలుగు కావాలని ఎవరూ అడగలేదు.

“వేషాలు వస్తుంటే వద్దంటరా బావగారు? ఎంత పెద్ద హీరోలైనా వయసు మీద పడినంక తండ్రి వేషాలు వేస్తుండ్రు గద” అన్నారు వియ్యంకుడుగారు.

“వాళ్ల ఇష్టం అండీ. మా బండి వెలుగు ఇవ్వడానికి వచ్చింది. అరవడానికి కాదు.”

ఆయన టీ గ్లాసు ఎత్తుకున్నారు.

వానలు వెనకబట్టాక బండిని అమ్మేశాను. ఇంజిను భీమవరం దగ్గర రొయ్యల చెరువులున్న ఒకాయన, కరెంటు పోతే నీళ్లలో గాలి చక్రాలు తిప్పడానికని కొన్నాడు. మిగతాది బోరబండలో పాత ఇనుము వ్యాపారి తీసుకున్నాడు.