బుకిట్ తీమా కొండకింద పసుపు దారం

కమలాదేవి కుర్చీలో వీపు ఆనించి కూర్చోగా ఇంట్లో ఎవరూ చూడలేదు. పరాయి ద్వీపదేశంలో, చోవా చూ కాంగ్ పేటలోని ఆ ఫ్లాట్‌లో ఆమె ఫోను మాట్లాడితే హాలు నుంచి వంటగదికి, వంటగది నుంచి హాలుకు నడుస్తూనే మాట్లాడుతుంది. ఉద్యోగం మాత్రం కదలకుండా చేయవలసినది. ఒక ఆహార పరీక్షాశాలలో గాజు పళ్లాల మీద పెరిగిన బాక్టీరియా మచ్చలను భూతద్దం కింద లెక్కపెట్టాలి. ఆ కదలని గంటల బాకీ తీర్చుకుంటున్నట్టు ఆమె ప్రతి శనివారం ఉదయమే బుకిట్ తీమా కొండకు వెళుతుంది.

దాన్ని కొండ అన్నప్పుడు ఆమెకు మొదట్లో నవ్వు వచ్చేది. ఆమెది తిరుపతి. జంతుశాస్త్రంలో ఎమ్మెస్సీ చదివేటప్పుడు అలిపిరి నడకదారి పొడవునా కోతులను గమనించి పరిశోధనా వ్యాసం రాసింది. శేషాచలం అడవి అంటే ఎర్రచందనం, ఎండాకాలం రాలే ఆకు, వేడెక్కిన బండరాయి. ఇక్కడి కొండ ఎత్తు నూట అరవై మూడు మీటర్లు. అంత ఎక్కేసరికి శేషాచలంలో కొండ ఇంకా మొదలైనట్టే కాదు. అయినా ఈ చిన్న గ్రానైటు దిబ్బ మీద అడవి దట్టంగా ముసురుకొని ఉంటుంది. ఆకు రాలే కాలమంటూ లేదు. సెరయా చెట్ల మొదళ్లు గోడల్లా విచ్చుకొని నిలబడతాయి. వాటి తలలు దూరం నుంచి బూడిద పూసినట్టు కనిపిస్తాయి. బెరడును కరచుకొని పగలంతా కదలని కొలుగో అనే చిన్న జంతువు, చీకటి పడ్డాక ఒంటి చర్మాన్ని గొడుగులా పరచి చెట్టు నుంచి చెట్టుకు తేలిపోతుంది. తోక చివర రెండు సన్నని ఈకలు వేలాడే నల్లపక్షి ఒకటి కోతుల గుంపు వెంటే తిరుగుతూ, అవి కదిలించిన పురుగులను గాలిలోనే పట్టుకుంటుంది. తూర్పువైపు ఎక్స్‌ప్రెస్‌వే ఈ అడవిని పక్క అడవి నుంచి కోసి వేరు చేసింది. ఆ హోరు కొండ మీద ఎక్కడ నిలబడినా వినిపిస్తుంది. అందుకే ఆమెకు అది ఒక పెద్ద పర్వతారణ్యంలా కాక, కాలు చాపుకోవడానికి చోటులేని ప్రాణిలా తోస్తుంది.

అక్కడ ఆమె చేసేది కోతుల గస్తీ. కొండకింద ఇళ్లున్న దారికీ అడవి అంచుకూ మధ్య నిలబడి, కిందికి దిగివచ్చిన పొడవుతోక కోతులను వెనక్కి మళ్లించాలి. కొట్టకూడదు, అరవకూడదు, కళ్లలోకి చూడకూడదు, పళ్లు కనిపించేలా నవ్వకూడదు. చేతికర్రతో నేలమీద మాత్రం తట్టాలి. మనిషి తిండికి అలవాటుపడిన కోతి సంచులు లాగుతుంది, ఫిర్యాదులు పెరుగుతాయి, చివరికి దాన్ని పట్టుకుపోతారు. పట్టుకుపోయినవి తిరిగి రావడం ఆమె ఎప్పుడూ చూడలేదు.

ఆ శనివారం ఎడమ చెవి చీలిన ఆడకోతి ఇనుప కంచె మీదికి వచ్చింది. దాని పొట్టను కరచుకొని, పుట్టినప్పటి నలుపు ఇంకా వదలని పిల్ల ఉంది. పిల్ల కుడిచేయి తల్లి బొచ్చును పట్టుకోవడం లేదు; వాచి, పక్కకు వేలాడుతోంది. కమలాదేవి బైనాక్యులర్స్ పెట్టి చూసింది. మణికట్టు చుట్టూ దారం బిగుసుకొని ఉంది.

"పార్సిల్ తాడేమో," అన్నారు గస్తీలో ఉన్న మిగిలినవాళ్లు.

ఆమె కంచె దగ్గరికి నడిచింది. దారం రంగు పసుపు. కంచె కింద కొరికి వదిలిన ముక్క ఒకటి దొరికింది. వేళ్లతో నలిపి చూసింది. మినప్పిండి, కచ్చాపచ్చాగా దంచిన మిరియాలు. ఉల్లిపాయ లేదు. చిన్నగా, పలచగా, గట్టిగా వేయించినది. తినడానికి చేసుకునే వడ అలా ఉండదు. ఆంజనేయస్వామికి దండ గుచ్చే వడ అలా ఉంటుంది. ఆ దండకు దారాన్ని పసుపులో ముంచుతారు.

వన్యప్రాణి శాఖవారి పశువైద్యురాలు రెండుసార్లు వచ్చి వెళ్లింది. పిల్లను కరచుకొని ఉన్న తల్లికి మత్తు బాణం వేయడం కుదరదు. పైనుంచి పడితే రెండూ చస్తాయి. పండు పెట్టిన బోను దగ్గరికి అది రాలేదు. కొమ్మ మీదే కూర్చుని, వచ్చిన ప్రతి మనిషి చేతులనూ చూసింది. దారం ఇంకో పది రోజులు అలాగే ఉంటే చేయి పోతుందని, చేయి లేని పిల్ల తల్లిని పట్టుకోలేక ఎత్తునుంచి జారిపోతుందని వైద్యురాలు చెప్పింది. ఆ వడలు ఎవరు పెడుతున్నారో తెలుసా అని అడిగింది. కమలాదేవి తెలియదంది. అది అప్పటికి నిజమే.

ఇంటికి వచ్చి వంటగదిలో గిన్నెలు సర్ది, సర్దినవే మళ్లీ సర్దింది. పాలిటెక్నిక్‌లో చదివే కూతురు వర్షిత లాప్‌టాప్ నుంచి తలెత్తింది. ఇక్కడి పిల్లల్లాగే దానికీ మాట చివర 'లా' తగిలించడం అలవాటు.

"అమ్మా, జస్ట్ రిపోర్ట్ లా. మన తెలుగు గ్రూపులో పెట్టు, టూ మినిట్స్‌లో దొరుకుతాడు."

"దొరికితే ఊరంతా కలిసి వాణ్ని తిడతారు. వాడు ఇంక ఆ పక్కకే రాడు. అప్పుడు పిల్ల చేతి సంగతి ఏంది?"

"వాడు ఎందుకు రావాలి?"

"ఆ తల్లి వాడి చేతినే నమ్మింది కాబట్టి."

వడమాల వేసేది మంగళవారమో శనివారమో. శనివారాల్లో ఎవరూ కనిపించలేదు కనుక ఆమె మంగళవారం సెలవు పెట్టింది. ఎంఆర్‌టీ రైలు స్టేషన్ వైపు నుంచి వచ్చే దారిలో, తెల్లవారీ తెల్లవారకముందే నిలబడింది. నిలబడిందన్నది మాట వరసకే. ఆ కంచె పొడవునా అటూ ఇటూ తిరుగుతూనే ఉంది. ముప్పై దాటిన ఒక మనిషి వచ్చాడు. మెడలో ఆఫీసు బ్యాడ్జీ, వీపున లాప్‌టాప్ సంచి, చేతిలో స్టీలు డబ్బా. చెప్పులు విడిచి కంచె వైపు తిరిగి దండం పెట్టాడు.

"వడలు గుచ్చిన దారం తీసి పెట్టొచ్చు కదప్పా?" అంది ఆమె వెనకనుంచి.

అతను ఉలిక్కిపడి తిరిగాడు. తెలుగు విని ముఖం విప్పారింది. "ఆయ్, మీరు మనోళ్లేనా ఆంటీ! దారం తీసేత్తే అది దండెలాగవుద్దండి? దండగా వేత్తేనే మొక్కు."

పేరు ఉదయ్‌కిరణ్. రావులపాలెం. బ్యాంకు సాఫ్ట్‌వేరు, ఉండేది బిషాన్‌లో. శాశ్వత నివాసానికి పెట్టుకున్న దరఖాస్తు ఒకసారి తిరగ్గొట్టారు; మళ్లీ పెట్టాడు. అమ్మ ఫోనులో వడమాల మొక్కు చెప్పింది. భార్య చాందిని తెల్లవారుజామునే లేచి వడలు వేస్తోంది.

"గుళ్లో వేత్తే పంతులుగారు ఇగ్రహం మెళ్లో వేసి, మళ్లీ మనకే ఇచ్చేత్తారండి. ఇక్కడైతే స్వామి స్వయంగా వత్తన్నాడు ఆంటీ. చెయ్యి సాపి పుచ్చుకుంటన్నాడు!"

"వచ్చేది స్వామి కాదు నాయనా. ఆడది. పిల్లతల్లి."

ఆమె బైనాక్యులర్స్ అతని చేతికిచ్చి కొమ్మ వైపు చూపించింది. అతను చాలాసేపు చూశాడు. దింపినప్పుడు కళ్లజోడు అద్దాల మీద ఆవిరి పట్టింది.

"అది నా దారమేనాండి?"

"వేరేవాళ్లెవరైనా పసుపులో ముంచుతారా ఈ ఊర్లో?"

జరిగింది, జరగవలసింది ఆమె చెప్పింది. వచ్చే మంగళవారం వైద్యురాలు బోను తెస్తుంది. అతను వచ్చి తన చేత్తో వడ లోపల పెట్టాలి. అతను వెంటనే అడిగింది ఒక్కటే.

"నా పేరు రాసుకుంటారాండి?"

"అడుగుతారు. నువ్వు చెప్పకపోతే నేను చెప్పాల్సి వస్తుంది. అబద్ధం చెప్పేదానికి నాకు నోరు రాదు. ఇక్కడ కోతికి తిండి పెట్టేది నేరం, జరిమానా ఉంది."

"ఫైలు ఇంకా లోపలే ఉందండి ఆంటీ. ఇప్పుడు నా పేరు మీద ఏదైనా కేసు పడితే..." అతను మాట మధ్యలో ఆపి డబ్బా మూత నొక్కాడు. "పాపని ఇక్కడ బడిలో వేశాం. నేను రాలేనండి. ఏమీ అనుకోకండి."

చెప్పులు వేసుకొని స్టేషన్ వైపు వెళ్లిపోయాడు. చెవి చీలిన ఆడకోతి కంచె దిగి, అతని వెనక కొంతదూరం నడిచింది. అది చూసి కమలాదేవి కర్రతో నేలమీద తట్టింది.

ఆ వారం ఆమె పరీక్షాశాలలో ఒక పళ్లాన్ని మూడుసార్లు లెక్కపెట్టింది. మూడుసార్లూ అంకె మారింది. పనయ్యాక రోజూ కొండకు వెళ్లింది. గురువారం నాటికి పిల్ల చిటికెన వేలు నల్లబడింది. అతని ఊరు, ఉద్యోగం, పేరు ఆమెకు తెలుసు. వైద్యురాలికి ఫోను చేసి, మంగళవారం బోను తీసుకురమ్మని, ఒక మనిషి రావచ్చని మాత్రం చెప్పింది. రావచ్చా, వస్తాడా అని వైద్యురాలు అడిగింది. రావచ్చు అని ఆమె మళ్లీ అంది.

మంగళవారం వాన. సెరయా ఆకుల మీద పడి, కింది ఆకుల మీదికి జారి, ఆగిన తరవాత కూడా చెట్ల కింద కురుస్తూనే ఉండే వాన. బోను పొద కింద పెట్టారు. తలుపు తాడు వైద్యురాలి చేతిలో ఉంది. ఆడకోతి ఎత్తయిన కొమ్మ మీద పిల్లకు అడ్డంగా వీపు తిప్పి కూర్చుంది. కమలాదేవి గొడుగు తెరిచింది, మూసింది. స్టేషన్ దారి ఖాళీగా ఉంది.

వాన తగ్గేముందు అతను వచ్చాడు. ఆఫీసు సంచి లేదు. పక్కన చాందిని. డబ్బా ఆమె చేతిలో ఉంది.

"ఈయన రాత్రంతా పడుకోలేదు, నన్ను పడుకోనివ్వలేదు," అంది చాందిని, మొగుడి వైపు చూడకుండా. "వడలు మాత్రం నేనే వేశానండి. దారం లేదు. కావాలంటే చూసుకోండి."

ఉదయ్‌కిరణ్ బోను ముందు గొంతుకూర్చున్నాడు. ఒక వడ చేతిలో పట్టుకున్నాడు, ఎప్పటిలాగే. కొమ్మ కదిలింది. ఆడకోతి కాండం వెంబడి దిగి, ఆగి, కమలాదేవిని, గొడుగును, పొదను చూసి, చివరికి అతని చేతిని చూసింది. అతను ఆ వడను మెల్లగా బోను లోపలికి జరిపాడు. అది అతని మోచేతిని రాసుకుంటూ లోపలికి వెళ్లింది. తలుపు పడింది.

ఆ అరుపుకు కొండమీది గుంపంతా కొమ్మలు ఊపింది. ఆడకోతి ఊచలు పట్టుకొని అతని ముఖంలోకే చూస్తూ అరిచింది.

"నన్నే చూత్తందండి ఆంటీ," అన్నాడు అతను.  చాందిని అతని రెక్క పట్టుకొని లేపింది.

మత్తు ఇచ్చి, బండిలోనే దారం కోశారు. దారం చర్మంలోకి దిగింది కానీ ఎముకను తాకలేదు. చేయి మిగులుతుందని, చిటికెన వేలు మాత్రం దక్కదని వైద్యురాలు చెప్పింది. ఆమెతో వచ్చిన అధికారి కాగితం తీసి అడగబోయేలోపు ఉదయ్‌కిరణ్ తన గుర్తింపు కార్డు తానే అందించి, దండలు తానే వేశానని చెప్పాడు. ఇది తన ఫైలుకు అడ్డమా అని అడిగాడు. అది తనకు తెలియదని, జరిమానా ఉత్తరం వస్తుందని, తానే వచ్చి సహకరించిన సంగతి కూడా అందులో రాస్తానని అధికారి అన్నాడు. కమలాదేవి అక్కడే నిలబడి ఉంది. వెళ్లేముందు అతను ఆమె ఫోను నంబరు అడిగి తీసుకున్నాడు.

ఆ సాయంత్రం తల్లినీ పిల్లనూ అదే కంచె దగ్గర వదిలిపెట్టారు. తలుపు తీయగానే ఆడకోతి వెనక్కి చూడకుండా కాండం ఎక్కి ఆకుల్లో కలిసిపోయింది.

తరవాతి మంగళవారం ఆమెకు సెలవు లేదు. అయినా ఆఫీసుకు ముందు కొండకు వెళ్లింది. చెవి చీలిన ఆడకోతి అప్పటికే కంచె మీద ఉంది. స్టేషన్ వైపు చూస్తోంది. పిల్ల నాలుగు వేళ్లతో తల్లి బొచ్చును పట్టుకొని ఉంది, పట్టు గట్టిదే. ఫోను మోగింది. ఉదయ్‌కిరణ్ నుంచి సందేశం. ఉత్తరం ఇంకా రాలేదు. ఆ పిల్లతల్లి వచ్చిందా ఆంటీ, అని దాని కింద ఇంకో వరుస.

 ఆమె ఫోను సంచిలో వేసి, కళ్లు దించుకొని కంచె దగ్గరికి నడిచి, కర్రతో నేలమీద తట్టింది. ఆడకోతి ఆమె వైపు తల తిప్పి, మళ్లీ దారి వైపే చూసింది. ఆమె ఇంకొంచెం గట్టిగా తట్టింది.