టెక్సాస్‌లో పాప ఉన్న మూల

నా చిన్నప్పుడు సింగపూర్ వుడ్‌ల్యాండ్స్‌లోని మా బ్లాకులో తెలుగువాళ్ళు రెండు రకాలు: కంప్యూటర్ మనుషులు, వాళ్ళ భార్యలు. మా అమ్మ రెండూ కావడంతో మా ఇంట్లో పొయ్యి వెలిగేది తక్కువ. నేను ఎక్కువగా పక్కింటి ఆంటీ వంటతోనే పెరిగాను. అంకుల్ సైన్స్ పార్క్‌లో ప్రోగ్రామర్. రెండువేల సంవత్సరం రాగానే ప్రపంచంలోని కంప్యూటర్లన్నీ ఆగిపోతాయని, అలా జరక్కుండా చూడడమే తన ఉద్యోగమని చెప్పేవారు. నేను నమ్మేదాన్ని. ఆయన మేనేజరూ నమ్మేవాడట.

అంతకుముందు వాళ్ళు టెక్సాస్‌లో ఉండేవాళ్ళు. అక్కడ ఊరిబయట కొంత నేల కొన్నారు. ఆ రాష్ట్రంలో పైన నేల ఒకరిది, కింద చమురు ఇంకొకరిది కావచ్చట. అంకుల్‌కు రెండూ ఉన్నాయి. సింగపూర్ వచ్చేముందు ఆ కింది హక్కును ఒక చమురు కంపెనీకి లీజుకు రాసిచ్చారు. తవ్వితే వాటా వస్తుంది, తవ్వకపోతే గడ్డి మొలుస్తుంది అనుకున్నారు.

అక్కడ ఉండగానే వాళ్ళకు ఒక పాప పుట్టి, పళ్ళు రాకముందే పోయింది. చంటిపిల్లలను మనం దహనం చెయ్యం కదా. పొరుగున ఉన్న ముసలి అమెరికన్ తన పొలంలో, వీళ్ళ కంచెకు ఆనుకుని ఉన్న మూలలో పాపను పూడ్చడానికి చోటిచ్చాడు. మన పద్ధతి ప్రకారం దాని మీద రాయి పెట్టలేదు, పేరూ రాయలేదు. ఆ ముసలాయన చమురు కంపెనీలవాళ్ళను గేటు దాటనిచ్చే రకం కాదు.

ఆయన తర్వాత ఏమవుతుందోనని అంకుల్‌కు దిగులు. ఆ మూల ముక్క అమ్మమని ఏడాది పొడుగునా ఈమెయిళ్ళు రాసి ఒప్పించి, నేలనూ కింది హక్కులనూ కలిపి కొన్నారు. సింగపూర్‌లో కారు కొనడం కన్నా అమెరికాలో భూగర్భం కొనడమే చవక అనేవారు. "కింద కూడా మనదే అయితే ఇంకెవడు తవ్వుతాడే?" అని ఆంటీతో అని, మా అంతస్తంతా లడ్డూలు పంచారు.

కొన్నాళ్ళకు ఒక శనివారం పొద్దున నేను వాళ్ళింట్లో దోశ తింటున్నాను. అంకుల్ ఫోన్ పెట్టేసి వచ్చి బల్ల దగ్గర కూర్చున్నారు.

"ఏమంటాడండీ లాయరు?" అంది ఆంటీ, పెనం ముందు నుంచి.

"పాత లీజులో ఒక మాట ఉందట. నా నేలకి ఆనుకుని నేను తర్వాత ఏది కొన్నా, అదీ ఆ లీజులోకే పోతుందట."

"అంటే పాప ఉన్న చోటు?"

"ముసలాయన పేరు మీద ఉన్నన్నాళ్ళూ వాళ్ళు ముట్టుకోలేకపోయారు. నా పేరు మీదకి రాగానే వాళ్ళ చేతికెళ్ళింది. ఆ మూల మీంచే లారీలకి రోడ్డు వేస్తారట. అక్కడ పాప ఉందని లాయరు చెబితే, మరి రాయేదీ అన్నారట."

"సో అన్‌ఫెయిర్ లా," అన్నాను నేను, బళ్ళో అబ్బిన సింగపూర్ ఇంగ్లీషులో.

ఆంటీ దోశ తిరగేసి, కాలనిచ్చి, ఆయన కంచంలో వేసింది.

"రోడ్డేగా. మంచిదేనండీ. ఇన్నాళ్ళూ అక్కడ అది ఒక్కత్తే ఉంది. ఇకనుంచి ఎవరో ఒకరు అటు వస్తూ పోతూ ఉంటారు. తినండి, చల్లారిపోతుంది."

అంకుల్ ఆమె మొహంలోకి చాలాసేపు చూశారు. ఆ తర్వాత తిన్నారు.

నేను కంచం కడగడానికి వెనక్కి వెళ్తే, ఆంటీ కిటికీ బయటి వెదురుకర్రకు బట్టలు ఆరేస్తోంది. ఒకే చొక్కాను మళ్ళీ మళ్ళీ దులుపుతోంది. మొహం తడిగా ఉంది.

"ఆంటీ, రోడ్డు ఓకే అన్నారుగా?"

"నాకు కాదమ్మా. ఆయనకి ఓకే కావాలి. లోపలికెళ్ళి చెప్పకు."

చెప్పలేదు. రోడ్డు వేశారు. అంకుల్ ఆ తర్వాత రెండువేల సంవత్సరాన్ని కూడా క్షేమంగా దాటించారు.

ఇప్పుడు బ్లాకు పిల్లలు నన్నే ఆంటీ అంటున్నారు. ఈ మధ్యలో చాలా కాగితాల మీద సంతకాలు పెట్టాను, అన్నీ చదివే పెట్టానని చెప్పలేను. ఆ రోజు నేను నేర్చుకున్నది చదివి సంతకం పెట్టడం కాదు. మా వాళ్ళెవరైనా ప్రేమకొద్దీ చేసిన పని తిరగబడి, తల దించుకుని నా ఎదురుగా కూర్చున్నప్పుడు, "ముందే చూసుకోవాల్సింది" అన్న మాట నా నాలుక చివరిదాకా వస్తుంది. దాన్ని అక్కడే ఆపి కంచం పెడతాను. వాళ్ళు తినడం అయ్యేదాకా నా ఏడుపు ఆగగలదు.