చివరి నంబరు దిగేదాకా

కాక పోయాడన్న కబురు పోయిన నెలలో ఒక శుక్రవారం, దుబాయ్‌లోని డేరా రేవులో అబ్రా పడవ దిగి గట్టు మెట్లెక్కుతుండగా తెలిసింది. ఊరి నుంచి ఆయన కూతురు పంపిన వాయిస్ మెసేజ్. "అన్నా, నాయిన పొద్దుగాల చాయ తాగి మళ్ల పండుకున్నడు. లేపుదామని పోతే లేవలే." అంతే. వెనక ఎవరో ఏడుస్తున్నారు, ఎవరో కుర్చీలు లాగుతున్నారు. జనానికి అడ్డం లేకుండా ఒక పక్కకు జరిగి ఇంకోసారి విన్నాను. రెండోసారి కూడా అదే చెప్పింది.

కాక నాకు చుట్టం కాదు. ఆయనది జగిత్యాల పక్క పల్లె, నాది కడప. నాకంటే ఇరవై ఏళ్ళు పెద్ద. పేరు పెట్టి పిలిచినవాళ్ళను చూడలేదు, అందరికీ కాకే. ఎడారి దేశంలో మంచు చదును చేసి బతికిన మనిషి ఆయన. ఈ మాట చెబితే మా ఇంట్లో ఇప్పటికీ నవ్వుతారు.

నవ్వేవాళ్ళ తప్పేం లేదు. ఇక్కడ కొన్ని పెద్ద మాల్స్‌లో కొండంత గదులుంటాయి. గదిలో ఒక వాలు, వాలు నిండా మంచు. బయట నిప్పులు చెరిగే ఎండ, లోపల చెవులు తిమ్మిరెక్కే చలి. రెండు తలుపులు దాటితే చాలు, దుబాయ్ ఎక్కడో వెనకపడిపోయేది. లోపలి వెలుతురు తెల్లగా, ఏ పక్క నుంచి వస్తోందో తెలియకుండా ఉండేది. మాటకన్నా ముందు ఆవిరి బయటికొచ్చేది. అలాంటి చోట ఆరేళ్ళు పనిచేశాం ఇద్దరం. తలచుకుంటే అదంతా నిజంగా జరిగిందా, పగటి నిద్రలో వచ్చిన కలా అనిపిస్తుంది నాకు.

అంతకుముందు కాక జెబెల్ అలీలో గోదాములు కట్టే పనిలో ఉండేవాడు. వడదెబ్బ తగిలి రెండుసార్లు పడిపోయాక ఎవరో ఇక్కడ చేర్పించారు. మొదటి రోజు గుప్పెడు మంచు తీసి వాసన చూశాడు. "వాసనే లేదు బిడ్డా, గిదేం మన్ను!" అన్నాడు. రెండు మంకీ టోపీలు పెట్టి వాటి మీద హెల్మెట్ తొడిగేవాడు. మధ్యాహ్నం మేమంతా నీడ వెతుక్కుంటే ఆయన సామాన్లు దింపే గేటు బయట ఎండలో చేతులు చాపి నిలబడేవాడు. ఏం చేస్తున్నావు కాకా అంటే, "ఇస్త్రీ చేస్కుంటున్న" అనేవాడు.

పనిలో మాత్రం పరాచికాలు లేవు. పొడవాటి కర్రకు అడ్డపలక బిగించిన పనిముట్టు పట్టుకుని వాలంతా చదును చేసేవాడు. నాటుకు ముందు మడి చదును చేసిన చేతులవి, గుంత కనిపిస్తే ఊరుకునేవి కావు. పిల్లలు పడీ లేచీ కెలికిన చోటును కూడా అద్దంలా చేసి, ఒకసారి వెనక్కి తిరిగి చూసుకుని నడిచేవాడు. సాయంత్రం ఆఖరున వచ్చేవాళ్ళ కోసం ఇంత కష్టం ఎందుకని నేను విసుక్కుంటే, "చివర వచ్చెటోడు గూడ పొద్దుగాల్నే ఆశపడి లేచిండు గదా" అనేవాడు. ఆ మాట ఆయన నోట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. ఆ మాటే ఒకసారి ఆయన ఉద్యోగం మీదికి తెచ్చింది.

మాస్కుల కాలం ఇంకా పోని ఏడాది. మా వాలు మీద పలు దేశాల మగవాళ్ళకు జెయింట్ స్లాలమ్ పందెం పెట్టారు. మాల్ తెరవకముందే, పొద్దున్నే మొదలు. ఎర్ర జెండాలు, నీలం జెండాలు మార్చి మార్చి పాతుతారు. కాళ్ళకు స్కీ పలకలు బిగించుకుని జారే స్కీయర్ ఒకదాన్ని కుడి నుంచీ ఒకదాన్ని ఎడమ నుంచీ చుట్టి దిగాలి. రెండుసార్లు దిగాలి, రెండు సమయాలూ కలిపి చూస్తారు. మొదట దిగేవాళ్ళకు నున్నటి దారి దొరుకుతుంది. చివరివాడికి అందరూ కోసిపోయిన గాడులే మిగులుతాయి.

ఆ రోజు చివరి నంబరు ఒక బ్యాంకు ఉద్యోగిది. ముప్పై దాటిన మనిషి, మనలాగే మంచు ఎరుగని దేశం. సెలవులన్నీ మంచు మీదే ఖర్చుపెట్టేవాడట. శీతాకాలపు పెద్ద పోటీలకు వెళ్ళాలంటే అలాంటి పందేలు కొన్ని పూర్తి చేసి చూపాలి. ఆయనకు ఇంకొక్కటే కావాలి, గడువులోపల ఉన్న ఆఖరి పందెం ఇదే. ఈ సంగతి ఆయనే టీ తాగుతూ నాకు చెప్పాడు, నేను కాకకు చెప్పాను. చెప్పకపోయుంటే బాగుండేదేమో.

రెండోసారి దిగేటప్పుడు, కింది నుంచి నాలుగో జెండా దగ్గర ఆయన పడిపోయాడు. స్కీ ఏదో మెత్తటి దాంట్లో దిగబడినట్టు ఆగింది, మనిషి బొంగరంలా తిరిగి దారి పక్కన కట్టిన వల దగ్గర తేలాడు. దెబ్బలేం లేవు. హెల్మెట్ తీసి, తప్పు నాదే, తొందరపడ్డాను అంటూ తల దించుకుని కూర్చున్నాడు.

కాక నా చెయ్యి పట్టుకుని పక్కకు లాగాడు. ముఖంలో నెత్తురు లేదు.

"బిడ్డా, ఆయన తప్పు గాదు. నేనే జేసిన."

పందెంలో మాకు చెప్పిన పని ఒక్కటే. ఊడిన మెత్తటి మంచును దారి బయటికి తోసెయ్యాలి, గాడుల్లో నింపకూడదు. గట్టి మంచు మీద మెత్తటిది పడితే స్కీ అందులో చిక్కుకుపోతుంది. కాకకు అది తెలుసు. కానీ ఆ జెండా దగ్గర లోతు గాడి చూసి, చివరాయన ఎట్ల దిగుతాడో అని మనసు ఆగక, మడిలో గుంత పూడ్చినట్టు మంచు తెచ్చి పూడ్చాడు. ఎవరూ చూడలేదు.

"చెప్దాం దా. నీకు ఇంగిలీషొచ్చు."

రెఫరీ యూరప్ నుంచి వచ్చిన ఒక పెద్దావిడ. పక్కనే మా ముదీర్, అంటే మేనేజరు. కాక ఊపిరి తీసుకోకుండా చెప్పాడు, గాడి సంగతి, తను పూడ్చిన సంగతి, చేతులతో చూపిస్తూ. నేను ఇంగ్లీషులో చెప్పింది ఒక్క ముక్క. అక్కడ మంచు మెత్తబడిందట మేడమ్, అన్నాను. ఎవరు మెత్తబరిచారో మింగేశాను. ముదీర్ మంచివాడే కానీ కోపం ముందు పుట్టినవాడు, కాక వీసా ఆయన చేతిలో ఉంది. కాకను కాపాడుతున్నాననుకున్నాను. ఆవిడ జాలిగా తల అడ్డంగా ఊపింది. మంచు అందరికీ ఒకటే, దానికి ఎవరేం చేయగలరు అంది.

కాకకు ఇంగ్లీషు రాదు, అయినా తల ఊపడం అర్థమైంది. నా వైపు తిరిగాడు.

"నేను గింత చెప్పిన. నువ్వు గంతే చెప్పినవ్. మిగిలింది ఏమాయె?"

ఆరేళ్ళలో ఆయన నన్ను గట్టిగా అడిగింది ఆ ఒక్కసారే. ఆయన ఇంక నా కోసం ఆగలేదు. వాలెక్కి ఆ జెండా దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని, పూడ్చిన మంచు చేత్తో తోడి ముదీర్‌కు చూపించాడు. "సాబ్, యే మైనే డాలా. మేరా గల్తీ. ఉస్‌కా నహీ." అని తప్పంతా తనదేనన్నట్టు గుండె మీద కొట్టుకున్నాడు.

అప్పుడు చెప్పాను, మొత్తం, ఒక్క మాట వదలకుండా. ఆవిడా మిగతా ఇద్దరు రెఫరీలూ ఒక మూల గుమిగూడి మాట్లాడుకున్నారు. దారి చదును చేసే మనిషి చేసిన పొరపాటుకు స్కీయర్ నష్టపోకూడదు కాబట్టి ఆయన మళ్ళీ దిగవచ్చు అన్నారు. దిగాడు. అందరూ హెల్మెట్లు తీసేసిన ఆ పెద్ద తెల్లటి గదిలో ఒక్కడే మెల్లగా, ఎక్కడా తప్పకుండా దిగాడు. పందెంలో ఆఖరివాడు ఆయనే. అడుగున నిలబడి ఏడ్చాడు, నేనూ ఏడ్చాను.

ముదీర్ ఆ సాయంత్రమే కాకను పిలిచి, "మంచు మీద ఖలాస్, రేపటి నుంచి బూట్ల గది" అన్నాడు. ఉద్యోగం మిగిలినందుకు మేమంతా ఊపిరి పీల్చుకున్నాం. అద్దె బూట్లు తుడిచి ఆరబెట్టే గది అది, కిటికీ లేదు, తడి సాక్సుల వాసన. క్షమించు కాకా అని నేను వెళ్ళి నిలబడితే, "ఈడ వెచ్చగున్నది బిడ్డా" అని నవ్వి ఒక బూటు నా చేతికిచ్చాడు, తుడవమని. ఆ నవ్వుతో నన్ను క్షమించాడో లేదో ఇప్పటికీ తెలియదు. అడగడానికి ఇప్పుడు ఆయన లేడు.

శీతాకాలపు పెద్ద పోటీలు వచ్చాయి. జెయింట్ స్లాలమ్ రోజు పొద్దున్నే బూట్ల గదిలో, వరసగా తలకిందులుగా వేలాడుతున్న బూట్ల మధ్య, ఫోను గోడకానించి చూశాం. అక్కడ ఆకాశం నుంచి మంచు కురుస్తోంది. కాక నోరు తెరిచి చూశాడు. "పై నుంచి పడుతున్నది చూడు, ఎవలూ చెయ్యకుంటనే!" జెండాల పక్కన పనివాళ్ళు మంచును బయటికి తోస్తుంటే మాత్రం నిట్టూర్చాడు. "వాళ్ళు సక్కగ జేస్తున్నరు."

పెద్ద పేర్లన్నీ దిగిపోయాయి. ఎంతసేపటికో బ్యాంకాయన వంతు వచ్చింది. పొగమంచులోంచి బయల్దేరాడు. మూడు జెండాలు దాటాడు, నాలుగోది కూడా. అంతలో తెర మారిపోయింది, ముందున్నవాళ్ళు కింద నవ్వుతూ మాట్లాడుతున్నారు. చివరి నంబర్లను ఎవరు చూపిస్తారు! నేను తిట్టుకుంటూ ఫోను తీయబోయాను. ఆయన ఆ పోటీ పూర్తి చేశాడని జాబితాలో కనిపించడానికి ఇంకా చాలాసేపు పడుతుంది.

"ఆగు" అన్నాడు కాక. "ఇంకా దిగుతున్నడు."

కళ్ళు మూసుకున్నాడు. తడి బూట్లు తుడిచిన అరచెయ్యి గాలిలో కుడికి ఒరిగింది, ఎడమకు ఒరిగింది, మళ్ళీ కుడికి. ఆ కొండ మీద ఎన్ని జెండాలున్నాయో మా ఇద్దరికీ తెలియదు. ఒకచోట చెయ్యి ఆగి తూలింది. నా ఊపిరి కూడా అక్కడే ఆగింది. వేళ్ళు మెల్లగా సర్దుకుని మళ్ళీ ఎడమకు, మళ్ళీ కుడికి, కిందికి, ఇంకా కిందికి వచ్చి మోకాలి మీద వాలాయి.

"దిగిండు" అన్నాడు కాక.