నీలం దారం కట్టిన ఉలులు

ఆళ్లగడ్డలో మా ఇంటి వెనకే మా రేకుల షెడ్డు. తాత వేసింది. తాత తర్వాత నాయన, నాయన పక్కన నేను. గుళ్లకు విగ్రహాలు చెయ్యడం మా పని. నాయన రాతిని మలిస్తే నేను నునుపు పట్టేదాన్ని, పీఠాల మీద పేర్లు చెక్కేదాన్ని. అక్షరాల్లో తనకంటే నా చెయ్యే బాగుంటుందని నాయనే నలుగురిలో అనేవాడు. తమ్ముడికి రాతి దుమ్ము పడలేదు. నంద్యాలలో మోటారు సైకిళ్ల షోరూములో ఇస్త్రీ చొక్కా ఉద్యోగం చూసుకున్నాడు. పోనీలే, వాడి ఇష్టం అనుకున్నాం.

కరోనా వచ్చి గుళ్లు మూతపడ్డాయి. ఉన్న దేవుళ్లే తలుపులేసుకుని కూర్చుంటే కొత్త దేవుళ్లు ఎవరికి కావాలి? చేయించుకుంటామన్న వాళ్లు ఫోన్లు ఎత్తడం మానేశారు. ముక్కు రాని ఆంజనేయుడు షెడ్డు మూలన దుమ్ము కొట్టుకుపోయాడు. నాయన రోజూ షెడ్డులోకి వెళ్లి, ఉలులు నూరి, మళ్లీ సంచిలో పెట్టి వచ్చేవాడు. రోళ్లు, సన్నికళ్లు చేద్దామన్నాను. చేశాం. ఇంటింటికీ మిక్సీ ఉన్న కాలంలో రోలు కొనేదెవరు? మా అమ్మ వాటిని తిరగేసి పీటలుగా వాడుకుంది.

అప్పుడొచ్చింది నంద్యాల నుంచి ఒక టీచరమ్మ. క్రైస్తవులు. భర్త ఆ జబ్బుతోనే పోయాడు. సమాధుల తోటలో మట్టికుప్ప తప్ప గుర్తేమీ లేదట. వాన పడితే అదీ కరిగిపోతుందని ఆమె భయం. మేం దేవుళ్లను చేసేవాళ్లం, చావు రాళ్లు ముట్టం అని నాయన మొహం మీదే చెప్పేశాడు. ఆమె వెళ్లలేదు. నా వైపు తిరిగింది.

"పేరు లేకుండా పండుకోనుండాడమ్మా మా ఆయన. పేరొక్కటి చెక్కియ్యి" అంది.

నేను చెక్కుతానన్నాను. పొద్దుగూకాక నాయన వచ్చి, చెక్కితే చెక్కు గానీ ఆ ఉలి వేరు, ఈ ఉలి వేరు, కలపొద్దన్నాడు. సమాధి రాతిని తాకిన ఉలి విగ్రహాన్ని తాకకూడదని మా ఇళ్లలో పట్టింపు. నాకూ ఉంది ఆ పట్టింపు, లేదని అబద్ధం చెప్పను. పాత ఉలులు కొన్ని వేరు చేసి, ప్రతిదానికీ నా చేత్తోనే నీలం దారం చుట్టాను. వాటికి వేరే పెట్టె. పని షెడ్డు బయట, వేపచెట్టు కింద. తలమీద నీళ్లు పోసుకున్నాకే ఇంట్లోకి అడుగు. ఎవరూ అడగకపోయినా ఇంకో నాలుగు నియమాలు నేనే కలుపుకున్నాను.

టీచరమ్మ రాయి చూసి ఇంకొకరు వచ్చారు, వాళ్లను చూసి ఇంకొకరు. తర్వాతి ఎండాకాలం సంగతి చెప్పనక్కర్లేదు. ప్రభువునందు నిద్రించిన వాళ్లకు నా వేపచెట్టు కింద వరస తప్పలేదు. ఒకరోజు చిన్నపిల్ల పేరు చెక్కాల్సి వచ్చింది. ఆ పూట అన్నం ముందు కూర్చుని లేచిపోయాను. ఎవరింట్లోనో దీపం ఆరితే మా ఇంట్లో పొయ్యి వెలుగుతోందని తెలిసి తినడం అంత తేలిక కాదు. అయినా తిన్నాం. రెండేళ్లు మేం నలుగురం బతికింది ఆ రాళ్ల మీదే. షోరూము మూసినప్పుడు తమ్ముడి అద్దె కూడా వాటి మీదే గడిచింది.

ఒక సాయంత్రం నాయన వేపచెట్టు కిందికొచ్చాడు. నేను చెక్కిన అక్షరాల మీద బొటనవేలు పెట్టి నెమ్మదిగా తడిమాడు.

"గుళ్లు తెరిచినాక మొదట వచ్చే అమ్మవారికి కండ్లు నువ్వే తెరువు పాపా" అన్నాడు.

విగ్రహం అంతా అయ్యాక చివరికి మిగిలేది కంటిపాప గీత. అది షెడ్డు పెద్ద చెక్కాలి. ఆ ఉలి చేతికిచ్చాడంటే తన తర్వాత షెడ్డు ఎవరిదో చెప్పినట్టే. మా వంశంలో ఆడపిల్ల చేతికి ఆ ఉలి రాలేదు. ఆరోజు సంతోషంతో ఏడ్చాను. ఇప్పుడు తలుచుకుంటే ఆ ఏడుపు మీదే నాకు ఒళ్లు మండుతుంది.

గుళ్లు తెరిచారు. అహోబిలం దారిలో ఒక పల్లెవాళ్లు అమ్మవారు కావాలని వచ్చారు. ఆ వెనకే తమ్ముడు పెట్టె సర్దుకుని దిగాడు. ఇన్నాళ్లూ పడని దుమ్ము ఎలా పడిందని నేనడగలేదు. రెండు చేతులు ఎక్కువొచ్చాయని మురిశాను కూడా. నాయన మలిచిన అమ్మవారి మొహాన్ని నెలల తరబడి రుద్ది రుద్ది, బుగ్గలకు నునుపు తెచ్చింది నేనే.

విగ్రహం పూర్తి కావచ్చే రోజుల్లో ఒక సమాధి రాయి నిలబెట్టడానికి నంద్యాల వెళ్లాను. తిరిగొచ్చేసరికి వేపచెట్టు కింద ఊడ్చి కళ్లాపి చల్లి ఉంది. ఉలుల పెట్టె లేదు. అమ్మ నా మొహం చూడలేదు. నాయన ఉలి నూరుతూ, తమ్ముడి చేత వాటిని కాలువలో వేయించానన్నాడు. చావు ఉలులు ఇంట్లో ఉన్నాయని తెలిస్తే పల్లెవాళ్లు విగ్రహం తీసుకుపోరట. అంతవరకూ ఓర్చుకున్నాను. కండ్లు తమ్ముడు తెరుస్తాడు అన్నప్పుడు మాత్రం ఓర్చుకోలేకపోయాను. నాకిచ్చిన మాటేమైందని అడిగాను.

"చావు పేర్లు చెక్కిన చెయ్యి అది. అమ్మవారి కండ్ల మీద పెట్టగూడదు."

ఉలులకైతే దారం కట్టాను. వేరే చెయ్యి ఎక్కడి నుంచి తెచ్చుకోను?

"ఆ చెయ్యే గదా నాయనా, నీకు బువ్వ పెట్టింది" అన్నాను.

నాయన ఉలి మీద ఇంకాసిని నీళ్లు చల్లుకున్నాడు. నూరుతూనే ఉన్నాడు.

కండ్లు తెరిచేటప్పుడు ఎదురుగా నిలబడి సూటిగా చూడకూడదు. అద్దంలో చూస్తూ చెక్కాలి. ఆ అద్దం పట్టుకోవడానికి మనిషి కావాలి. చెయ్యి పనికిరాదన్న నాయనే, అద్దానికి నన్ను పిలిచాడు. అమ్మ బతిమాలింది. పట్టుకున్నాను. తమ్ముడు ఉలి ఎత్తి, అద్దంలోంచి నా వైపు చూశాడు.

"యాడ పెట్టాలక్కా?" అని గుసగుసగా అడిగాడు.

ఎక్కడ పెట్టాలో, ఎంత లోతు పోవాలో చెప్పాను. వాడి మీద ప్రేమతో కాదు. నేను అన్ని నెలలు రుద్దిన మొహానికి మెల్లకన్ను వస్తే చూడలేను. పల్లెవాళ్లు వాడికి శాలువా కప్పారు. ఏరు దాటాక తెప్ప తగలేస్తారని సామెత. మావాళ్లు ఆ తెప్ప చేత అద్దం కూడా పట్టించారు. మర్నాడే బట్టలు సర్దుకుని నంద్యాల బస్సెక్కాను.

ఇప్పుడు టీచరమ్మ ఇంటి వరండాలో నా పని. కొత్త ఉలులు కొనుక్కున్నాను. వేటికీ దారం కట్టలేదు.

మొన్న నాయన ఫోన్ చేశాడు. బువ్వ తిన్నావా అని మొదలుపెట్టి, కాసేపు వానల గురించి మాట్లాడి, సంగతికొచ్చాడు. అమ్మవారి గుడికి చందాలిచ్చిన వాళ్ల పేర్లు ఒక పెద్ద బండ మీద చెక్కాలట. తమ్ముడు చెక్కితే ఒత్తులన్నీ వంకరపోయాయట. పల్లెవాళ్లు బండను వెనక్కి పంపారట.

"అక్షరాలకు నువ్వే రావల్ల పాపా. బేగా రా" అన్నాడు.

"ఏ ఉలితో చెక్కేది నాయనా?" అని అడిగాను.

అవతల తమ్ముడి సుత్తి చప్పుడు వినబడుతోంది. నేనే ఫోన్ పెట్టేసి, వరండాలో సగంలో ఉన్న పేరు దగ్గరికి వెళ్లాను.