చప్పుడు లేని క్లాసు

నేను ఒట్టి వాగుడుకాయను. వీధి చివర నేను నోరు తెరిస్తే వంటింట్లో తనకు వినపడేదని మిర్యాలగూడలో మా అమ్మ ఇప్పటికీ అంటుంది. అలాంటి గొంతు కాస్తా మొన్న ఎండాకాలం ముందు పడిపోయింది. ఏళ్ల తరబడి కోదాడలో ఒక ప్రైవేటు బడిలో చిన్నపిల్లలకు లెక్కలు అరిచి అరిచి చెప్పినందుకు స్వరపేటిక మీద బుడిపెలు లేచాయి. సూర్యాపేటలో ఆపరేషన్ చేసిన డాక్టరమ్మ మొహం మీదే చెప్పింది. “మెల్లగ మాట్లాడు, వద్దంటలేను. ఒర్రితే మాత్రం మల్ల వస్తయి. ఈసారి గొంతే పోతది, ఇగ నీ ఇష్టం.”

మా ప్రిన్సిపాల్ మంచి మనిషే, పాపం. “ముందు మీరు రండి టీచర్, మేమంతా లేమా?” అన్నాడు. ఒక వారం చూద్దామని నా మూడో తరగతిని నాకే ఇచ్చాడు. ఆ తరగతి చేజారితే నా బతుకేంటన్నదే నా దిగులు. పాఠం చెప్పడం తప్ప నాకింకేం వచ్చు?

సైగలతో మొదలుపెట్టాను. అరచెయ్యి దించితే కూర్చోవాలి. లెక్క తప్పితే ముక్కు గోక్కుంటాను. పిల్లలకు అదొక ఆట అయిపోయింది, వాళ్లూ గుసగుసల్లోకి దిగారు. “గొంతు మంచిగయినంక గూడ గిట్లనే చెప్పుండ్రి టీచర్, గమ్మత్తుంటది!” అంది ఒక పిల్ల. నిజం చెప్పొద్దూ, అంత బాగా నేనెప్పుడూ చెప్పలేదు.

అయితే మా ప్రిన్సిపాల్ ఏ గదిలోకీ రాడు. చేతులు వెనక్కి కట్టుకుని వరండాలో నడుస్తూ వింటాడు, అంతే. ఎక్కాలు హోరెత్తితే పాఠం నడుస్తున్నట్టు. నా గది ముందు ఆయన బూట్లు ఆగేవి. ఆయనకు వినపడాలని ఒక పిల్లను నిలబెట్టి ఎక్కాలు చదివించాను కూడా. “మరి టీచర్ గొంతేదీ?” అన్నాడట ఆయాతో. ఏం చెయ్యను, చెప్పండి!

శనివారం పిలిచాడు. “ఏమనుకోకండి టీచర్. ఆ క్లాసులో చప్పుడే లేదేంటని పేరెంట్స్ అడుగుతున్నారు. మీకూ శ్రమే కదా. హాయిగా ఆఫీసులో కూర్చోండి, ఫోన్లు మాట్లాడటమే పని.”

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. “సార్, ఫోన్లంటే రోజంతా మాట్లాడాలి కదా” అన్నాను.

“కూర్చునే కదండీ!” అన్నాడు నవ్వుతూ. నాకు మేలు చేశాననే అనుకుంటున్నాడు మహానుభావుడు. ఒళ్లు మండిపోయింది. కానీ మేలు చేసేవాడితో ఏమని పోట్లాడతాం? మానేస్తే గొంతు లేని టీచర్‌ను ఏ బడి పిలుస్తుంది? తలూపి బయటికొచ్చాను.

సోమవారం ఆఫీసు కుర్చీలో కూర్చున్నాను. వరండా అవతల నా పిల్లలు కొత్త టీచర్ వెనకాల ఎక్కాలు అరుస్తున్నారు. ఆ తరగతిలో ఆ రోజు బడికి రాని ఒక పిల్ల ఇంటికి ఫోన్ చేశాను. అవతల ట్రాక్టర్ మోత, దాని మీద తండ్రి గొంతు.

“హలో, ఎవలు? ఇనబడ్తలేదు మేడమ్, జర గట్టిగ మాట్లాడుండ్రి!”

మళ్లీ చెప్పాను. మళ్లీ అదే మాట. ఆఫీసు గుమ్మంలో ప్రిన్సిపాల్ నిలబడి వింటున్నాడు.

“మీ పాప ఈరోజు బడికి ఎందుకు రాలేదండీ?” అని అరిచాను.

ఆయన తృప్తిగా తలూపి వెళ్లిపోయాడు.